ఏఐ గీసిన గీతలో తప్పు పట్టగలరా?

‘కోర్‌లో ఏముంది, కోడింగ్‌ నేర్చుకో’ అనే సలహా వినని మెకానికల్‌ విద్యార్థి ఉండరు. కానీ ఆ రెండూ తెలిసినవాళ్లకే చేతనయ్యే పని ఒకటుంది. అదే సిమ్యులేషన్‌కు ఏఐని జోడించే సరోగేట్‌ మోడలింగ్‌.

ఫైనలియర్‌ ప్రాజెక్టు కోసం రాత్రి ల్యాప్‌టాప్‌లో సిమ్యులేషన్‌ పెట్టి పడుకుంటారు. పొద్దున లేచి చూస్తే సగంలో ఆగిపోయి ఉంటుంది. మెష్‌ సరిచేసి మళ్లీ పెడతారు. ఈలోగా పక్క రూమ్‌లో సీఎస్‌ఈ ఫ్రెండ్‌కి ఆఫర్‌ లెటర్‌ వచ్చేస్తుంది. ఇంటి నుంచి ఫోన్‌.. ‘నువ్వు కూడా ఏదైనా కోర్సులో చేరొచ్చు కదా!’ ఇది మీ కథే అయితే, తొందరపడి ఫ్లూయిడ్‌ మెకానిక్స్‌ పుస్తకం అటకెక్కించకండి.

ఒక్కో డిజైన్‌కి ఒక్కో రాత్రి

కారు బాడీ అయినా, పంపు ఇంపెల్లర్‌ అయినా తయారుచేసే ముందు కంప్యూటర్‌లో పరీక్షిస్తారు. ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ సమీకరణాలు సాధిస్తారు. బలం, ఒత్తిడి చూడాలంటే ఫైనైట్‌ ఎలిమెంట్‌ అనాలిసిస్‌, గాలి, నీటి ప్రవాహం చూడాలంటే సీఎఫ్‌డీ. జవాబు నమ్మకంగానే ఉంటుంది కానీ టైమ్‌ తింటుంది.

చిన్న లెక్క వేద్దాం. ఒక డిజైన్‌లో 5 కొలతలు మార్చొచ్చు. ఒక్కోదానికీ 10 విలువలు ప్రయత్నించాలి. మొత్తం లక్ష కాంబినేషన్లు. ఒక్కో సిమ్యులేషన్‌కి 8 గంటలు పడితే అన్నీ పూర్తవడానికి 91 ఏళ్లు! అంత టైమ్‌ ఏ కంపెనీకీ ఉండదు.

అందుకే దగ్గరి దారి వెతుకుతారు. లక్షలోంచి జాగ్రత్తగా ఓ వంద ఎంచుకుని వాటికే సిమ్యులేషన్‌ చేస్తారు. ఈ ఎంపికకు ఎక్కువగా వాడే లాటిన్‌ హైపర్‌క్యూబ్‌ శాంప్లింగ్‌ 1979 నుంచీ ఉంది. ఆ వంద ఫలితాలతో ఒక మోడల్‌కి శిక్షణ ఇస్తారు. ఇక కొత్త కొలతలు ఇస్తే అది క్షణాల్లో అంచనా చెప్పేస్తుంది. అసలు సిమ్యులేషన్‌కు బదులుగా జవాబిస్తుంది కాబట్టే దీన్ని సరోగేట్‌ మోడల్‌ అంటారు. అది మెచ్చిన నాలుగైదు డిజైన్లను మళ్లీ అసలు సిమ్యులేషన్‌తో సరిచూస్తారు. తేడా వస్తే ఆ ఫలితాల్ని కూడా కలిపి మళ్లీ శిక్షణ ఇస్తారు.

ఈ ఆలోచన నిన్నటిదేం కాదు. దక్షిణాఫ్రికా మైనింగ్‌ ఇంజినీర్‌ డానీ క్రిగ్‌ 1951లోనే, కొన్నిచోట్ల తవ్విన నమూనాల ఆధారంగా బంగారు గనిలో ఖనిజం నాణ్యతను అంచనా వేసే పద్ధతిపై పనిచేశారు. ఆయన పేరుమీదే ‘క్రిగింగ్‌’ వచ్చింది. మీరు మెషిన్‌ లెర్నింగ్‌లో చదివే గాసియన్‌ ప్రాసెస్‌ మూలం అదే. ఇప్పుడు న్యూరల్‌ నెట్‌వర్క్‌లు వచ్చాక, ఒక సంఖ్య మాత్రమే కాకుండా కారు ఒంటి మీద ప్రెషర్‌ ఎక్కడెంతో మొత్తం చూపించగలుగుతున్నారు. యాన్సిస్‌ సిమ్‌ఏఐ, ఆల్టేర్‌ ఫిజిక్స్‌ఏఐ, ఎన్విడియా ఫిజిక్స్‌నీమో లాంటివి ఈ పని కోసం వచ్చినవే.

30 డిగ్రీల దగ్గర ఏమైంది?

మరి ఏఐ అంతా చేసేస్తే ఇంజినీర్‌ ఎందుకు? దీనికి నాకు జవాబు దొరికింది ‘అహ్మద్‌ బాడీ’ దగ్గర. 1984లో ఎస్‌.ఆర్‌. అహ్మద్‌, ఆయన సహచరులు కారుకు బదులు ఒక సాదా డబ్బా లాంటి నమూనాపై ప్రయోగాలు చేశారు. పొడవు 1,044 మి.మీ. ముందు భాగం గుండ్రంగా, వెనక పైభాగం ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు కోణం మారిస్తే గాలి నిరోధం, అంటే డ్రాగ్‌ ఎలా మారుతుందో కొలిచారు. సీఎఫ్‌డీ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ దీంతోనే చేయి తిప్పుకుంటారు.

సరోగేట్‌ నేర్చుకునే కొత్తలో నేను ప్రచురితమైన కొలతలు కొన్ని తీసుకుని ఒక మోడల్‌ తయారుచేశాను. 0, 5, 12.5 డిగ్రీలు, తర్వాత 35, 40. గీత నున్నగా వచ్చింది. 30 డిగ్రీల దగ్గర డ్రాగ్‌ ఎంత అని అడిగితే 0.25 చుట్టుపక్కల చెప్పింది. నేనూ మురిసిపోయాను. తర్వాత అసలు పేపర్‌ తీసి చూస్తే అక్కడున్నది 0.378. ఒకటిన్నర రెట్లు! నా మోడల్‌ని నమ్మి కారు డిజైన్‌ చేసుంటే, అన్నిటికంటే చెడ్డ కోణాన్నే బాగుందనుకుని ఎంచుకునేవాణ్ని.

కారణం ఫిజిక్స్‌లో ఉంది. కోణం పెరిగేకొద్దీ వాలు రెండు అంచుల నుంచీ బలమైన సుడులు పుట్టి, వెనకభాగాన ప్రెషర్‌ తగ్గిస్తాయి. డబ్బాను వెనక్కి లాగినట్టవుతుంది. 30 డిగ్రీలు దాటితే గాలి ఆ వాలును అంటిపెట్టుకోలేక పూర్తిగా విడిపోతుంది. సుడులు బలహీనపడతాయి. డ్రాగ్‌ ఒక్కసారిగా 0.26 దగ్గరికి పడిపోతుంది. నేనిచ్చిన పాయింట్లలో ఈ కొండ లేదు కాబట్టి మోడల్‌కి దాని సంగతే తెలియదు. గాసియన్‌ ప్రాసెస్‌ తన అంచనాపై నమ్మకం ఎంతో కూడా చెప్తుంది నిజమే. కానీ మనం మామూలుగా వాడే రూపంలో అది కూడా గీత నున్నగా ఉంటుందనే అనుకుంటుంది.

ఆ తప్పు పట్టాలంటే కావాల్సింది కొత్త సాఫ్ట్‌వేర్‌ కాదు. ‘ఫ్లో సెపరేషన్‌ జరిగేచోట ఎక్కువ పాయింట్లు పెట్టాలి’ అని తట్టడం. అది మీ థర్డ్‌ సెమ్‌ లేదా ఫోర్త్‌ సెమ్‌ పాఠమే.

ఇంకో మాట. సిమ్యులేషనే తప్పయితే సరోగేట్‌ అదే తప్పును వేగంగా చెప్తుంది. ఇదే అహ్మద్‌ బాడీని 25 డిగ్రీల దగ్గర మామూలు టర్బులెన్స్‌ మోడళ్లతో పట్టుకోవడం కష్టమని సీఎఫ్‌డీ వాళ్లందరికీ తెలుసు.

సెలవుల్లో చేసే ప్రాజెక్టు

దీనికి సూపర్‌ కంప్యూటర్‌ అక్కర్లేదు. ఎల్‌ ఆకారంలో ఉండే చిన్న బ్రాకెట్‌ చాలు.

* మందం, మూల దగ్గర ఫిల్లెట్‌ రేడియస్‌, రంధ్రం వ్యాసం.. ఈ మూడింటినీ మార్చండి. యాన్సిస్‌ ఉచిత స్టూడెంట్‌ వెర్షన్‌ గానీ ఫ్రీక్యాడ్‌ గానీ సరిపోతుంది.
* ఫిల్లెట్‌ రేడియస్‌ సున్నా పెట్టకండి. పదునైన లోపలి మూలలో మెష్‌ సన్నం చేసేకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే పోతుంది. అలాంటి డేటా ఇస్తే మోడల్‌ నేర్చుకునేది మీ మెష్‌నే, బ్రాకెట్‌ని కాదు.
* లాటిన్‌ హైపర్‌క్యూబ్‌తో 40 డిజైన్లు ఎంచుకుని సిమ్యులేషన్‌ చేయండి. మరో 10 విడిగా చేసి మోడల్‌కి చూపించకుండా దాచండి.
* పైథాన్‌లో సైకిట్‌ లెర్న్‌తో గాసియన్‌ ప్రాసెస్‌ మోడల్‌ తయారుచేయండి. దాచిన పదింటితో పరీక్షించండి. సగటు తేడాతో పాటు అన్నిటికంటే పెద్ద తేడా ఎక్కడొచ్చిందో, ఎందుకొచ్చిందో రాయండి.
* మోడల్‌ చెప్పిన బెస్ట్‌ డిజైన్‌ను మళ్లీ అసలు సిమ్యులేషన్‌తో సరిచూడండి.

ఇది అయ్యాక ఓపెన్‌ డేటాసెట్ల వైపు వెళ్లొచ్చు. ఎయిర్‌ఫ్రాన్స్‌లో విమాన రెక్క ఆకారాలపై 1,000 సిమ్యులేషన్లు, డ్రైవెయిర్‌నెట్‌ ప్లస్‌ ప్లస్‌లో 8,000 కారు డిజైన్లు ఉన్నాయి.

ఏం చదవాలి, ఎక్కడ వెతకాలి?

ఫైనైట్‌ ఎలిమెంట్‌, సీఎఫ్‌డీ, మెషిన్‌ లెర్నింగ్‌.. మూడింటికీ ఎన్‌పీటెల్‌లో ఉచిత కోర్సులున్నాయి. పైథాన్‌, స్టాటిస్టిక్స్‌ తప్పనిసరి. జాబ్‌ సైట్లలో ‘సరోగేట్‌’ అని మాత్రమే వెతికితే తక్కువే కనిపిస్తాయి. సీఏఈ ఇంజినీర్‌, సీఎఫ్‌డీ ఇంజినీర్‌, డిజైన్‌ ఆప్టిమైజేషన్‌ అని వెతికి, అర్హతల్లో పైథాన్‌, ఎంఎల్‌ అడుగుతున్నారేమో చూడండి. హైదరాబాద్‌లో సైయెంట్‌, జెడ్‌ఎఫ్‌ టెక్‌ సెంటర్‌, హ్యుందాయ్‌ ఇంజినీరింగ్‌ సెంటర్‌ లాంటివి ఉన్నాయి. వాటి కెరియర్స్‌ పేజీలు అప్పుడప్పుడూ చూస్తుండండి.

ఇంటర్వ్యూలో ‘మీ మోడల్‌ అక్యూరసీ ఎంత?’ అని అడుగుతారు. శాతం ఎవరైనా చెప్తారు. మీరు ‘ఇక్కడ తప్పుతుంది సర్‌, కారణం ఇదీ’ అని కాగితం మీద గీసి చూపించండి. ఆ గీత కోసమైనా ఈ వారమే బ్రాకెట్‌ మొదలుపెట్టండి.