ఆవిరి పొడిదా, తడిదా?

2011 జనవరి 14న ఇటలీలోని బొలోనా నగరంలో ఆండ్రియా రోసీ తన ‘శీతల సంలీన’ యంత్రాన్ని పలువురి సమక్షంలో నడిపి చూపారు. నికెల్, హైడ్రోజన్‌లతో పనిచేసే ఆ యంత్రం, తీసుకున్న విద్యుత్తుకు ఎన్నో రెట్లుగా, సుమారు 12 కిలోవాట్ల ఉష్ణమిచ్చిందని ప్రకటించారు. లోనికి పంపిన నీరంతా ఆవిరైందన్న భావనే ఆ లెక్కకు ఆధారం.

బాయిలర్లు ఎరిగిన మనకు అనుమానం ఇక్కడే కలుగుతుంది. కిలో నీటిని 20 డిగ్రీల నుండి మరిగే స్థితికి తేవడానికి 80 కిలోకేలరీలు చాలు. పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 540 కావాలి. ఆవిరితోపాటు నీరు తుంపరలుగా కొట్టుకుపోతే ఫలితం ఏడు రెట్లకు పైగా ఉబ్బవచ్చు. అక్కడ వాడినదేమో గాలిలో తేమను కొలిచే సాధనం. తుంపరల సంగతి దానికి తెలియదు. వెలువడినదానిని చన్నీటి తొట్టెలోకి వదిలి, ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూసి ఉంటే చాలా సందేహాలు తీరేవి! యంత్రాన్ని విప్పి చూడడానికి మాత్రం రోసీ అనుమతించలేదు.