వదలని కాళ్ళ తిమ్మిరి: చేయించవలసిన ఒక రక్తపరీక్ష

గుంట మగ్గమున కూర్చుండి దినమెల్ల తొక్కుడు చెక్కలు తొక్కు నేతగాండ్రకు కాళ్ళు తిమ్మిరెక్కుట క్రొత్త కాదు. లేచి నాలుగడుగులు వేసినచో అది పోవును. పోనిది వేరు. రెండు పాదములందును వ్రేళ్ళ కొసల మొదలై, నెలలు గడచినకొలది పైకి ప్రాకి, కాలి క్రింద చెక్క ఉన్నదో లేదో తెలియనీయని మొద్దుబారుటను గూర్చియే ఈ నాలుగు మాటలు. "వయసు మీరినది, గుంటలో చెమ్మ" అని సరిపెట్టుకొనుట మనకు అలవాటు.

వైద్యులు మొదట మధుమేహము, బి12 లోపము, మద్యపానము, కుష్ఠు వీనిని విచారింతురు. కుష్ఠు పేరు వినగానే ముఖము త్రిప్పుకొనరాదు. మందులతో నయమగు జబ్బు అది, దాచుటయే నరములకు చేటు. వీనితోపాటు చేయించవలసిన మరియొక పరీక్ష కలదు. అదియే తరచు మరుగున పడును.

మన ఎముకల మజ్జలోని ప్లాస్మా కణములు రోగముల నెదుర్కొను యాంటీబాడీలను అనేక రకములుగా తయారుచేయును. ఒక్కొక్కప్పుడు ఒకే కణపు సంతతి పెరిగి, ఒకే రకపు ప్రోటీనును రక్తములోనికి వదలును. దీనిని 'ఎం ప్రోటీను' అందురు. 50 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉండునని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2006లో ప్రకటించిరి. పెక్కుమందికి దానివలన ఏ బాధయు లేదు.

కాని ఐజీఎం అను జాతి ప్రోటీను కొందరిలో నరములనే పట్టును. జరీపోగును తలచుకొనుడు: లోపల దారము, పైన చుట్టిన తీగ. నరపు తంతువుపైనను మైలిన్ అను చుట్టు కలదు. ఈ ప్రోటీను అందలి 'మాగ్' అను పదార్థమును పట్టుకొని చుట్టును వదులుచేయగా, నరములో వార్త నడక మందగించును. 1980లో న్యూయార్కున లాటోవ్ మొదలగువారు ఇట్టి రోగమును వర్ణించిరి. అరువది దాటిన పురుషులలో ఇది ఎక్కువ. చీకటిలో నడక తూలును, చేతులు వణకును. తెగిన పోగును అతుకబోయినపుడు ఆ వణకు మనకే ముందు తెలియును.

కరెంటుతో నరముల వేగమును కొలిచినచో, కాలి చేతి కొసలయందు మందము హెచ్చుగా కానవచ్చును. రక్తమును ఎలెక్ట్రోఫొరెసిస్ చేసినపుడు, విశాలముగా పరచుకొనవలసిన చోట ఒక సన్నని శిఖరము లేచి నిలుచును. ప్రోటీను కొద్దిగానున్న దీనికి చిక్కకపోవచ్చును. కావున 'ఇమ్యునోఫిక్సేషన్' కూడ అడుగుడు. ఐజీఎం తేలినచో మాగ్ పరీక్ష చేయుదురు. కాళ్ళు వాచి, చర్మము నల్లబడి, బలహీనత వేగముగా పెరిగినచో 'పోయెమ్స్' అను జబ్బును అనుమానింతురు. మజ్జను, ఎముకలను చూచుట మైలోమా క్యాన్సరు లేదని తెలిసికొనుటకు.

ప్రోటీను దొరికినంతనే నేరము దానిదే యనరాదు. చక్కెర జబ్బు గలవానికి రెండును ఉండవచ్చును. ఈ తూకము నరముల వైద్యుడే వేయవలెను. బాధ స్వల్పమైన మందు లేకుండ కనిపెట్టి చూతురు. హెచ్చినవారిలో కొందరికి రిటుక్సిమాబ్ మేలు చేయును. ఎట్లున్నను రక్తపరీక్ష అప్పుడప్పుడు మరల చేయించవలెను, ఏటా నూటికి ఒకరికి ఇది తీవ్రమైన జబ్బుగా మారునట్టిది గనుక.

హోసూరువారికి బెంగుళూరులో హోసూరు రోడ్డుమీదనే, 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ గలదు. కృష్ణగిరివారికి వేలూరు సి.ఎం.సి. కలదు, అచట 1949లో జాకబ్ చాందీగారు నరముల విభాగమును ప్రారంభించిరి. పోవునపుడు పాత చక్కెర పరీక్షల కాగితములు వెంట తీసికొనుడు. ఈలోగా పాదములను వేడినీటిలో పెట్టకుడు. రాత్రి మగ్గము దిగినపిదప అరికాళ్ళను దీపము దగ్గర చూచుకొనుడు, ముల్లు దిగినను తెలియదు.