మరమనిషికి మనమిచ్చే మర్యాద

2017 నవంబరు 28న హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు మొదలైంది. వేదిక మీదికి ఒక మరమనిషి చక్రాల మీద కదిలివచ్చి నిలబడింది. దాని తెర మీది మీటల్లో భారత జెండా ఉన్నదాన్ని ప్రధాని నరేంద్ర మోదీ, అమెరికా జెండా ఉన్నదాన్ని ఇవాంకా ట్రంప్ నొక్కారు. అది ఇద్దరినీ పలకరించింది, సభ చప్పట్లు కొట్టింది. పేరు మిత్ర. పుట్టింది బెంగళూరులో, బాలాజీ విశ్వనాథన్, మహాలక్ష్మి దంపతులు నడిపిన ఇన్వెంటో రోబోటిక్స్‌లో.

ఇనుము వెల్డింగ్ చేసే రోబోలు కార్ల ఫ్యాక్టరీల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. వాటికి మనుషులతో పనిలేదు. మిత్ర కొలువే మనుషులతో. వచ్చినవాళ్లను పలకరించాలి, అడిగింది చెప్పాలి, దారి చూపాలి. బెంగళూరులో కెనరా బ్యాంకుకు వచ్చినవాళ్లతో కన్నడంలో మాట్లాడింది కూడా. ఎత్తు సుమారు ఐదడుగులు, ఒళ్లు ఫైబర్‌గ్లాస్, ఎద మీద టచ్‌స్క్రీన్, కాళ్లు లేవు. రెండు కాళ్ల మీద పడకుండా నడవడం యంత్రానికి చాలా ఖర్చుతో కూడిన విద్య. నున్నటి గచ్చు మీద చక్రాలు చాలు. కాళ్లేవని అడిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే లేనిదాన్ని మన మనసే పూరించుకుంటుంది.

ఈ సంగతిని 1944లోనే ఫ్రిట్జ్ హైదర్, మేరియన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. రెండు త్రికోణాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదిలే చిన్న బొమ్మల సినిమా వేసి, ఏం చూశారో రాయమన్నారు. 34 మందిలో ఒక్కరు మాత్రమే త్రికోణాలు కదిలాయని రాశారు. మిగతావాళ్లంతా తగవులు, తరమడాలు, భయపడి దాక్కోవడాలు చూశారు.

ఇది చదివితే మా బోధన్ వైపు రుద్రూర్ ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. దసరాకు ట్రాక్టర్ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం ఇక్కడ మామూలే. నాట్ల అదనులో బండి స్టార్ట్ కాకపోతే డ్రైవర్ దాన్ని ముందు తిడతాడు, ఆ తర్వాత బతిమాలుతాడు. కన్నూ లేదు, నోరూ లేదు, అయినా దానితో మాటలు నడుస్తాయి. అలాంటప్పుడు రెండు కళ్లు పెట్టి, మెడ తిప్పగలిగేలా చేస్తే ఇంక చెప్పేదేముంది!

మెడ తిప్పడంలో పెద్ద మాయ లేదు. కెమెరా సెకనుకు ఎన్నోసార్లు చిత్రం తీస్తుంది. ప్రోగ్రాం అందులో ముఖం ఎక్కడుందో వెతుకుతుంది. ముఖం చిత్రానికి నడుమ కాకుండా ఎడమవైపు ఉంటే, ఆ తేడా పోయేదాకా మోటారు మెడను ఎడమకు తిప్పుతుంది. దానికి అది వట్టి తీసివేత లెక్క. ఎదుట నిలబడ్డ మనకు మాత్రం 'నన్నే చూస్తోంది' అనిపిస్తుంది.

తేలిపోయేది మాట దగ్గరే. మనుషుల సంభాషణలో ఒకరి మాట ముగిసి ఇంకొకరి మాట మొదలవడానికి మధ్య సగటున సెకనులో ఐదో వంతే ఎడం ఉంటుంది. యంత్రమేమో మనం ఆపేశామని నిర్ధారించుకోవాలి, మాటను అక్షరాలుగా మార్చుకోవాలి, జవాబు వెతకాలి, గొంతులో పలకాలి. ఈలోగా మనం ఆగలేక "ఇనవడ్డదా?" అంటాం. అదీ దాని చెవిన పడి మొదటి ప్రశ్న గల్లంతవుతుంది. పైగా బోధన్ వైపు ఒకే వాక్యంలో తెలుగు, ఉర్దూ కలిసి దొర్లుతాయి, సరిహద్దు ఊళ్లలో మరాఠీ కూడా. పుస్తకాల తెలుగు మాత్రమే నేర్చిన రోబో ఇక్కడి బ్యాంకులో కూర్చుంటే మొదటి రోజే చేతులెత్తేస్తుంది.

మిత్ర వచ్చిన మూడు నెలలకు, 2018 ఫిబ్రవరిలో, అదే హెచ్‌ఐసీసీలో ప్రపంచ ఐటీ సదస్సుకు సోఫియా అనే మరో రోబో వచ్చింది. హాన్సన్ రోబోటిక్స్ దాని ముఖానికి చర్మంలా ముడతలు పడే రబ్బరు వాడింది. నవ్వుతుంది, కనుబొమలు ఎగరేస్తుంది. చూసేవాళ్లకు ముచ్చట, దాని వెనకే ఒక జంకు. ఈ జంకును జపాన్ ఇంజినీరు మసాహిరో మోరి 1970లోనే వివరించారు. రూపం మనిషికి దగ్గరయ్యేకొద్దీ ఇష్టం పెరుగుతుంది, బాగా దగ్గరయ్యాక ఒక్కసారిగా జారిపోతుంది. అచ్చం చెయ్యిలా ఉందని కరచాలనం చేస్తే, అది చల్లగా తగిలే కృత్రిమ హస్తం అయితే ఒళ్లు జలదరించదా అన్నది ఆయన ఉదాహరణ. మిత్రది బొమ్మ ముఖం. అందుకే దానికి ఆ చిక్కు రాలేదు.

ఈ రహస్యాన్ని బాగా వాడుకున్నవారు జపాన్‌లోనే తకనోరి షిబాటా. వృద్ధులకు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు ఊరటగా ఉండే రోబో చేయాలని పిల్లి, కుక్క రూపాలు ప్రయత్నించారు. అవి అందరికీ తెలిసిన జంతువులు కావడంతో జనం వెంటనే లోటుపాట్లు పట్టేశారు. చివరికి సీల్ పిల్లను ఎంచుకున్నారు. సీల్‌ను ఒళ్లో పెట్టుకున్నవాళ్లు ఎవరుంటారు? నిమిరితే కదిలి మూలిగే, పారో అనే ఆ రోబో ఎన్నో దేశాల వృద్ధాశ్రమాలకు చేరింది. మన దగ్గర బర్రె రోబో తెచ్చి చూడండి, పాలు పితికే ఏ ముసలమ్మైనా అర నిమిషంలో దాని గుట్టు విప్పుతుంది. తక్కువ ఆశ పెట్టిన యంత్రమే ఎక్కువ కాలం మన్నన పొందుతుంది.

మిత్ర మంచి పని చేసింది కూడా అలా తగ్గి ఉన్నప్పుడే. 2020 కరోనా కాలంలో నోయిడాలోని యథార్థ్ ఆసుపత్రిలో అది రోగుల మంచాల దగ్గరికి వెళ్లేది. అయినవాళ్లు లోపలికి రాలేని రోజులవి. దాని ఎద మీది తెరలో భార్యో కొడుకో కనిపించి మాట్లాడేవాళ్లు. సుమారు పది లక్షల రూపాయల ఆ యంత్రం తన తెలివి చూపించుకోలేదు, ఇద్దరు మనుషుల మధ్య దారిగా నిలిచింది.

ఇప్పుడు మనిషిలా వాక్యాలు అల్లే కొత్త భాషా నమూనాలు వచ్చాక ఇలాంటి రోబోల నాలుక చురుకైంది. నిజమైన జాగ్రత్త ఇక్కడే కావాలి. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన ఎలైజా అనే ప్రోగ్రాం మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతకుమించి దానికేమీ తెలియదు. అయినా ఆయన కార్యదర్శి దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోంచి వెళ్లమని ఆయననే కోరిందట. ఎలా పనిచేస్తుందో దగ్గర్నుంచి చూసిన మనిషే అంత మనసిచ్చిందంటే మనమెంత! రేపు బ్యాంకులోనో దవాఖానలోనో ఇలాంటిది ఎదురై నమస్తే అంటే తిరిగి నమస్తే అనండి, పోయేదేం లేదు. అప్పుల సంగతి, రోగాల సంగతి విప్పే ముందు మాత్రం అక్కడున్నవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి: నేను చెప్పేది ఎక్కడ దాస్తున్నారు? అది తప్పు చెబితే ఎవరు జవాబుదారీ? మనిషిని పిలవమంటే పిలుస్తుందా?