అమెరికా కాలేజీలో అత్తాకోడళ్లకు ఏబీసీడీలు

పొద్దున ఎనిమిది కాకముందే కొడుకు ఆఫీసుకు బయలుదేరతాడు. మనవలను పసుపు రంగు స్కూలు బస్సు ఎక్కించుకుపోతుంది. ఇంట్లో మిగిలేది పల్లె నుంచి వెళ్లిన ఇల్లాలు ఒక్కతే. ఎవరో తలుపు తడతారు. తీయాలా, వద్దా? తీస్తే ఏం చెప్పాలి? ఫోను మోగుతుంది. ఎత్తితే అవతలి మనిషి గడగడా మాట్లాడేస్తాడు. ఒక్క ముక్క అర్థం కాదు.

"నోరుండీ మూగవాళ్లమైపోయాం." అమెరికా వెళ్లి వచ్చిన పెద్దల నోట తరచూ వినబడే మాట ఇది. ఊళ్లో గట్టు తగాదా వస్తే పదిమందిలో నిలబడి మాట్లాడే మనిషి, అక్కడ ఉప్పు ప్యాకెట్టు కొనడానికి కూడా కొడుకు సెలవు రోజు కోసం ఎదురు చూడాల్సి వస్తోంది. కొత్తగా కాపురానికి వెళ్లిన కోడలు తెలుగు మీడియంలో చదివినదైతే ఆమె పరిస్థితీ అంతే.

అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010, 2017 సంవత్సరాల మధ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. వీరంతా ఇంజనీర్లే అనుకుంటే పొరపాటు. ఇంజనీరు వెనుక భార్య ఉంటుంది, తల్లి ఉంటుంది, తండ్రి ఉంటాడు. వారి కోసం అక్కడ తలుపు తెరిచి ఉంచిన బడి ఒకటుంది. దాని పేరు కమ్యూనిటీ కాలేజీ.

ఏమిటీ కాలేజీ?

జూనియర్ కాలేజీ అనగానే మనకు ఇంటర్మీడియట్ గుర్తుకొస్తుంది. అక్కడి లెక్క వేరు. పన్నెండో తరగతి అయ్యాక డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువును ఇంటికి దగ్గరలో, తక్కువ ఖర్చుతో చెప్పే కాలేజీలివి. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ వీటిలో మొదటిది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇలాంటి కాలేజీలు దేశమంతటా రావాలని సిఫారసు చేసింది. నేడు వెయ్యికి పైగా ఉన్నాయి. తెలుగువారు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లోనూ వీటికి కొదవ లేదు. కాలిఫోర్నియాలో డి ఆంజా కాలేజీ, టెక్సాస్‌లో కాలిన్ కాలేజీ, న్యూజెర్సీ ఎడిసన్‌లో మిడిల్‌సెక్స్ కాలేజీ అలాంటివే.

డిగ్రీ చదువుతోపాటు వలస వచ్చిన పెద్దవారికి ఇంగ్లీషు నేర్పడం కూడా ఈ కాలేజీలు పెట్టుకున్న పని. వయోజనుల చదువుకు కేంద్ర ప్రభుత్వ నిధులిచ్చే చట్టం అక్కడ 1966లో వచ్చింది. ఇప్పుడు ఆ నిధులు 2014 నాటి చట్టం కింద అందుతున్నాయి.

ఆరు మెట్లు

చేరబోయే వారికి ముందు చిన్న పరీక్ష పెడతారు. ఇది పాసు, ఫెయిలు పరీక్ష కాదు. ఎవరిని ఏ క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చుకోవడానికి మాత్రమే. కేంద్ర నిధులతో నడిచే చోట్ల అక్షరాలు రాని వారి దగ్గర నుంచి ధారాళంగా చదవగలిగే వారి దాకా ఆరు మెట్లుగా విభజిస్తారు. అందువల్ల ఏబీసీడీలు కూడా రానివారు సిగ్గుపడాల్సిన పని లేదు. వారికోసమే మొదటి మెట్టు ఉంది.

పగలు పనికి పోయేవారికి సాయంత్రం క్లాసులు, పిల్లలను బడికి పంపి వచ్చే తల్లులకు పొద్దుటి క్లాసులు పెడతారు. పక్క కుర్చీలో మెక్సికో నుంచి వచ్చిన వంటమనిషి ఉండవచ్చు, ముందు వరుసలో చైనా నుంచి వచ్చిన అమ్మమ్మ ఉండవచ్చు. టీచరుకు తెలుగు రాదు, వారి భాషలూ రావు. బొమ్మలు చూపి, చేతులతో చేసి చూపి ఇంగ్లీషులోనే ఇంగ్లీషు నేర్పుతారు. వ్యాకరణం కంటే ముందు నిత్యావసరాలు వస్తాయి. డాక్టరు దగ్గరకు వెళ్లడానికి ఫోనులో సమయం అడగడం, ఫారం నింపడం, పిల్లవాడి టీచరుతో మాట్లాడడం, ఆపదలో 911 నంబరుకు ఫోను చేసి ఇంటి చిరునామా చెప్పడం వంటివి.

మన నాలుకకు వచ్చే చిక్కులు

మొదటి రోజే మొదటి చిక్కు పేరు దగ్గర వస్తుంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. అక్కడ సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర. పాస్‌పోర్టులో ఒక రకం, ఫారంలో మరో రకం రాస్తే తర్వాత తిప్పలు తప్పవు. పాత తరం ఇల్లాలికి ఇంకో ఇబ్బంది. "మీ భర్త పేరేమిటి?" అని అందరి ముందూ అడుగుతారు. జన్మలో ఆ పేరు నోటితో పలకని మనిషి ఏం చెబుతుంది? టీచరును పేరు పెట్టి పిలవమన్నా మనవారికి ఒక పట్టాన నోరు రాదు.

మన తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్ అనే మాటను బస్సు, రోడ్‌ను రోడ్డు, బ్యాంక్‌ను బ్యాంకు చేసుకున్నాం. అక్కడ ఆ చివరి 'ఉ'కారం వినేవారికి అడ్డం పడుతుంది. తెలుగులో 'వ' ఒక్కటే. ఇంగ్లీషులో రెండు రకాలు. ద్రాక్షతీగకూ ద్రాక్షసారాకూ మనం 'వైన్' అనే రాస్తాం. అక్కడ ఒకదానికి కింది పెదవిని పంటికి ఆనించాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. ఇక "నేను అన్నం తిన్నాను" అన్న వాక్యాన్ని "నేను తిన్నాను అన్నం" అన్న వరుసలో చెప్పడానికి కొన్నాళ్లు పడుతుంది.

ఇక్కడ ఇంగ్లీషు వచ్చిన వారికీ అక్కడ తికమక తప్పదు. మన బ్రింజాల్ అక్కడ ఎగ్‌ప్లాంట్. లేడీస్ ఫింగర్ అంటే తెల్లబోతారు, ఓక్రా అనాలి. కర్డ్ అంటే తెలియదు, యోగర్ట్ అనాలి. పెట్రోలు గ్యాస్ అవుతుంది, లిఫ్టు ఎలివేటర్ అవుతుంది, కారు డిక్కీ ట్రంక్ అవుతుంది.

ఎవరు చేరవచ్చు?

ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే. ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసాపై వెళ్లినవారు నిరభ్యంతరంగా చదువుకోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారికీ అడ్డు లేదు. కొడుకునో కూతురినో చూడడానికి సందర్శకుల వీసాపై వెళ్లిన తల్లిదండ్రులు మాత్రం కాలేజీ కోర్సులో చేరడం నిబంధనలకు విరుద్ధం. తెలియక చేరితే తర్వాత వీసాకు ముప్పు రావచ్చు. ఇలాంటివారు పబ్లిక్ లైబ్రరీని ఆశ్రయించడం మేలు. చాలా ఊళ్ల లైబ్రరీల్లో నలుగురూ కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుకునే బృందాలుంటాయి. ఫీజు ఉండదు, మార్కులుండవు.

ఫీజుల సంగతికొస్తే, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో క్రెడిట్ లేని ఇంగ్లీషు క్లాసులకు ట్యూషన్ ఫీజు లేదు. కేంద్ర నిధులతో నడిచే క్లాసులు చాలాచోట్ల ఉచితం. డిగ్రీలో లెక్కకొచ్చే క్రెడిట్ క్లాసులకు ఫీజు ఉంటుంది. స్థానికులకు తక్కువ, ఇతరులకు ఎక్కువ. వీసాను బట్టి ఎవరు ఏ లెక్కలోకి వస్తారో కాలేజీ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోవాలి.

పిల్లవాడు దుబాసీయా?

ఇంగ్లీషు రాని ఇంట్లో ఎనిమిదేళ్ల మనవడే దుబాసీ అవుతున్నాడు. కరెంటు బిల్లు గురించి అయితే సరే. నాయనమ్మ రొమ్ములో గడ్డ గురించి డాక్టరు చెప్పేది ఆ పసివాడు ఎలా చెబుతాడు? ఆమె మాత్రం తన బాధ వాడితో ఎలా చెప్పుకుంటుంది? ఏమీ లేదని వచ్చేస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు రాని రోగికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని అక్కడి చట్టం చెబుతోంది. ప్రాణాపాయ పరిస్థితి తప్ప చిన్నపిల్లలను దుబాసీలుగా వాడరాదు. ఫోను ద్వారా అయినా తెలుగు దుబాసీ కావాలని అడగడం రోగి హక్కు. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్." ఏ క్లాసుకూ వెళ్లలేని వారు కూడా ఈ మూడు మాటలు కంఠతా పట్టాలి.

అమెరికా పౌరసత్వం కోరేవారు ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, ఒక వాక్యం రాసి చూపాలి. గ్రీన్ కార్డుపై ఇరవై ఏళ్లున్న 50 ఏళ్లవారికి, పదిహేనేళ్లున్న 55 ఏళ్లవారికి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది. దేశ చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు వారు సొంత భాషలో జవాబు చెప్పవచ్చు.

విమానం ఎక్కకముందే

నేర్చుకోవడం అక్కడికి వెళ్లాకే మొదలు కావాలని లేదు. పచ్చళ్లు, పొడులు మూట కట్టే చేతులతోనే ఒక చిన్న నోటుపుస్తకం కూడా పెట్టెలో వేసుకోవాలి. అందులో కొడుకు చిరునామా, ఫోను నంబరు, వాడే మందుల పేర్లు ఇంగ్లీషులో రాయించుకోవాలి. రోజుకు ఐదు మాటలు చొప్పున ఇంట్లో చదువుకునే పిల్లల చేత చెప్పించుకుంటే నెల తిరిగేసరికి నూట యాభై మాటలవుతాయి.

1978 అక్టోబరు 2న వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పుడు మన పల్లెల్లో ఎందరో పగలంతా నాట్లు వేసి, రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టారు. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. ఆ రోజున నవ్వినవాళ్లూ ఉన్నారు. నవ్వినవాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు, పలక పట్టినవాళ్లు బస్సు బోర్డు చదువుకుని ఊళ్లు తిరిగారు. ఇప్పుడు మారింది ఊరూ, అక్షరాలూ మాత్రమే.