ఫోన్ ఆటలో తిట్లు: వందలో ఎన్ని, ఎవరివి?

"మావాడు ఇంట్లో ఎదురు చెప్పడు. ఫోన్‌లో బీజీఎంఐ ఆట మొదలుపెడితే మాత్రం నోట వినరాని మాటలొస్తాయి. పిల్లాడు చెడిపోయాడా?" ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా, మద్దికెరలోనైనా తల్లిదండ్రులకు వచ్చే అనుమానమే ఇది. తోటి ఆటగాళ్లను తిట్టడం, వెక్కిరించడం, అలిగి సొంత జట్టునే ఓడించడం, వీటన్నిటినీ కలిపి 'టాక్సిక్' ప్రవర్తన అంటున్నారు. దీని వెనకున్న లెక్కలు చూస్తే భయం కొంత తగ్గుతుంది, చేయాల్సిందేమిటో తెలుస్తుంది.

ముందు ఓటమి లెక్క చూద్దాం. బీజీఎంఐలో ఒక పెద్ద మ్యాచ్‌కు 100 మంది దిగుతారు. నలుగురేసి చొప్పున 25 జట్లు. గెలిచేది ఒక్కటే, 24 ఓడతాయి. 2023లో ఈ ఆట మళ్లీ అందుబాటులోకి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. మ్యాచ్‌కు అరగంట వేసుకుంటే ఆరు మ్యాచ్‌లు. జట్లన్నీ సమానమనుకుంటే, అయిదు రోజులు ఆడిన పిల్లాడు దాదాపు నాలుగు రోజులు ఒక్క గెలుపూ లేకుండానే ఫోన్ పక్కన పెడతాడు. జట్టులో మిగతా ముగ్గురూ ముక్కూ మొహం తెలియనివారైతే తప్పంతా వాళ్ల మీదకు నెట్టడం తేలిక.

ఓడినంత మాత్రాన తిట్టాలా? మద్దికెరలో విజయదశమి నాడు జరిగే గుర్రాల పారువేట చూడండి. మూడు నగరుల (పాత కుటుంబాల) వంశీకులు గుర్రాలెక్కి పంతం మీద పోటీపడతారు. అయినా మర్నాడు అదే ఊళ్లో ఒకరికొకరు ఎదురుపడాలి, నోరు జారితే ఊరు మరచిపోదు. ఫోన్ ఆటలో ఆ అడ్డు లేదు. పేరు మారుపేరు, ముఖం కనబడదు, ఆట ముగిశాక మళ్లీ కలిసేదీ ఉండదు. మనస్తత్వవేత్త జాన్ సూలర్ 2004లో దీన్ని 'ఆన్‌లైన్ డిసిన్హిబిషన్' అన్నారు. తెరచాటున జంకు సడలిపోవడమని అర్థం.

మరి తిట్టేవాళ్లంతా చెడ్డవాళ్లేనా? 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' ఆటను తయారుచేసిన రయట్ గేమ్స్ సంస్థ తన ఆటగాళ్ల మాటలను పరిశీలించింది. ఆ వివరాలు 2016లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. ఎప్పుడూ తిట్టే అలవాటున్నవారు వందలో ఒక్కరే. మొత్తం దురుసుతనంలో వారి వాటా 5 శాతమే. మిగతా దాంట్లో ఎక్కువ భాగం ఆ రోజు చిరాకులో ఉన్న మామూలు ఆటగాళ్లది. అంటే ఆ ఒక్కరిని పంపించేసినా సమస్య తీరదు. బుద్ధిమంతుడి నోటా ఆ మాట రావచ్చు.

అయితే ఆపలేమా? కొంతవరకు ఆపవచ్చు. రయట్ సంస్థ ఎదుటి జట్టుతో మాట్లాడే సౌకర్యాన్ని తీసేయలేదు, మొదట ఆపి ఉంచింది. కావాలనుకున్నవారే ఆన్ చేసుకోవాలి. దాన్ని వాడినవారి సంఖ్య పెద్దగా తగ్గలేదు గానీ దురుసు మాటలు 32.7 శాతం తగ్గాయి. తొమ్మిది తిట్లు వినబడే చోట ఆరే వినబడ్డాయన్నమాట. మధ్యలో ఒక్క క్షణం ఆగవలసి వస్తే చాలామంది నోరు అదుపులోకి వస్తుంది.

శిక్షిస్తే మారతారా? శిక్ష కన్నా కారణం చెప్పడం ముఖ్యం. రయట్ సంస్థ తాను శిక్షించిన ఆటగాళ్లకు ఏ రకం తప్పో మాత్రమే చెప్పినప్పుడు వారిలో 50 శాతం మంది మళ్లీ శిక్ష దాకా తెచ్చుకోలేదు. వాళ్లు అన్న మాటలనే ముందు పెట్టి చూపించినప్పుడు అది 65 శాతానికి పెరిగింది. ఇరవై మందిలో పదిమంది మారేచోట పదముగ్గురు మారారు.

ఇంట్లోనూ ఇదే దారి. ఫోన్ లాక్కుని "పాడైపోయావ్" అనకండి. ఆట ముగిసిన వెంటనే, "ఇందాక ఈ మాట అన్నావు. అవతల ఉన్నదీ నీ ఈడు పిల్లాడే కావచ్చు" అని ఆ మాటనే గుర్తుచేయండి. తెలియనివారితో ఆడేటప్పుడు మైక్ ఆపి ఉంచమనండి. వరసగా రెండు ఓడితే లేచి మంచినీళ్లు తాగి రమ్మనండి. తిట్లు తినేది మీ పిల్లాడే అయితే బదులు తిట్టకుండా ఆ ఆటగాడిని మ్యూట్ చేసి, రిపోర్ట్ కొట్టడం నేర్పండి. అది బెదిరింపుల దాకా వెళితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆటలో ఎవరేమన్నా ఇంట్లో చెప్పుకోవచ్చన్న ధైర్యం మాత్రం పిల్లాడికి ముందే ఇవ్వండి. అది లేకపోతే పైన చెప్పినవేవీ పనిచేయవు.