లింకు ఇస్తే చాలదా?

వ్యాసం లింకు మాత్రమే ఇచ్చి సారాంశం అడిగితే, ఏఐ ఒక్కోసారి చదవకుండానే చెప్పేస్తుంది. ఎందుకు? కొన్ని ఏఐలు ఆ పేజీని తెరవలేవు. చందా కట్టినవాళ్లకే చూపే పేజీ అయితే మరీ కష్టం. అప్పుడు లింకులో కనిపించే ‘చంద్రయాన్-3’ లాంటి మాట పట్టుకుని, ముందు నేర్చుకున్నదాంతో మిగతాది అల్లేస్తుంది. 2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ చంద్రుడిపై దిగిందని చెబుతుంది. అది నిజమే. కానీ మీ వ్యాసం, ప్రజ్ఞాన్ రోవర్ అక్కడి నేలలో గంధకాన్ని గుర్తించడం గురించి అయితే? ఆ ఊసే ఉండదు. చదివితే తప్పుగా అనిపించదు, అదే అసలు ప్రమాదం.

మరి ఎలా అడగాలి? వ్యాసం మొత్తం కాపీ చేసి పేస్ట్ చేయండి. ‘ఇందులో ఉన్నదే చెప్పు, ప్రతి విషయానికీ ఆధారమైన వాక్యం చూపించు’ అనండి. ఆ వాక్యాన్ని వ్యాసంలో మీరే వెతకండి. దొరక్కపోతే ఆ విషయాన్ని నోట్సులోకి ఎక్కించకండి.