సైనికుని టోపీ చెప్పే కథ

మా పాఠశాలలో ఎన్.సి.సి. కవాతు ముగిశాక ఒక కుర్రవాడు తన బెరెట్ టోపీ చేత్తో పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ, తూటా తగిలితే ఇది ఆపుతుందా?" అని అడిగాడు. ఆపదు. ఉన్ని గుడ్డ ఏం ఆపుతుంది? మరి పూర్వం సైనికులు అంతంత పెద్ద టోపీలు ఎందుకు పెట్టుకొనేవారు?

నెపోలియన్ కాలంలో ఫ్రెంచి సైనికులు 'శాకో' అనే టోపీ ధరించేవారు. డబ్బా ఆకారంలో ఎత్తుగా ఉండేది. ఆనాటి తుపాకుల్లో వాడేది నల్ల తుపాకీమందు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ మందు మండితే దట్టమైన పొగ కమ్మేది. ఆ పొగలో తనవాడెవరో, పగవాడెవరో తెలియడానికి ఎత్తైన టోపీ, మెరిసే బిళ్ళ, రంగు కుచ్చు ఉపయోగపడేవి. మనిషి పొడుగ్గా కనిపించి ఎదుటివారికి జంకు కూడా కలిగేది. 1842లో ప్రష్యా సైన్యం నడినెత్తిన మొన ఉన్న తోలు టోపీ 'పికెల్‌హౌబె'ను స్వీకరించింది.

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియే పొగరాని తుపాకీమందును తయారు చేశాడు. పొగ పోయింది. అంతవరకు గుర్తుగా పనికివచ్చిన రంగుల టోపీ ఇప్పుడు శత్రువుకు గురి అయింది! సైన్యాలు క్రమంగా మట్టిరంగుకు, బూడిదరంగుకు మారాయి.

అయినా 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఫ్రెంచి సైనికుడి తలపై ఉన్నది 'కేపీ' అనే గుడ్డ టోపీయే. జర్మన్ సైనికుడిది తోలు టోపీ. కందకాల్లో దాగినవారిపై ఫిరంగి గుండ్లు పేలి, లోహపు ముక్కలు పైనుంచి కురిసేవి. వేలాదిమంది తలకు దెబ్బ తగిలి చనిపోయారు. ఫ్రెంచి అధికారి ఆగస్ట్ లూయీ అడ్రియన్ మొదట కేపీ కింద పెట్టుకొనే ఇనుప గిన్నె వంటిది చేయించాడు. తరువాత 1915లో ఆయన రూపొందించిన ఉక్కు శిరస్త్రాణం వచ్చింది. అదే ఏడు బ్రిటన్‌లో జాన్ బ్రోడీ బోర్లించిన పళ్ళెం వంటి శిరస్త్రాణానికి పేటెంటు పొందాడు. దాని అంచు ఎందుకంత వెడల్పు? దెబ్బ పైనుంచి వస్తుంది కనుక. దానికి వాడిన మాంగనీసు ఉక్కును 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టాడు. దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడడం ఆ ఉక్కు ప్రత్యేకత. 1916లో జర్మనీ చెవులను, మెడను కూడా కప్పే శిరస్త్రాణాన్ని ప్రవేశపెట్టింది.

ఇవి సూటిగా వచ్చే రైఫిలు తూటాను ఆపలేవు. అంతకంటె తక్కువ వేగంతో పడే ముక్కలను మాత్రం చాలావరకు ఆపేవి. ఎలాగంటారా? మొద్దు పెన్సిలు మొనను అరచేతిపై మెల్లగా నొక్కండి. గుచ్చుకొంటుంది. ఈసారి మధ్యలో రూపాయి బిళ్ళ ఉంచి అంతే బలంతో నొక్కండి. గుచ్చుకోదు. బలం అంతే, అది పడే వైశాల్యం పెరిగింది కనుక పీడనం తగ్గింది. పైగా ఉక్కు సొట్టపడుతూ దెబ్బలోని శక్తిని కొంత తాను తీసుకొంటుంది.

నేటి సైనికుల శిరస్త్రాణాల్లో కెవ్లార్ వంటి గట్టి నారలు వాడుతున్నారు. కేపీ నేడు ముఖ్యంగా లాంఛనాలకే మిగిలింది. మోటారు సైకిలు హెల్మెట్‌లోనూ సూత్రం ఇదే. లోపలి నురుగు పొర నలుగుతూ, తల ఆగే సమయాన్ని పెంచి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. అయితే పట్టీ బిగించకపోతే పడగానే అది తలనుండి ఊడిపోతుంది. ఈ సాయంత్రం మీ ఇంట్లో బండి నడిపేవారికి ఈ సంగతి చెప్పండి.